తప్పిన దెబ్బను కాచే క్లబ్బు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో కొత్తగా గోల్ఫ్ మొదలుపెట్టిన తెలుగు మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవారు దయచేసి ముందుకు రండి. ఈ బల్ల మీద కొన్ని క్లబ్బులు, అంటే గోల్ఫ్ ఆడే కర్రలు, పెట్టాను. దగ్గర నుంచి చూస్తేనే నేను చెప్పేది బోధపడుతుంది.

మన ఫ్రిస్కోలో గోల్ఫ్ గాలి బాగా వీస్తోంది. అమెరికా పీజీఏ, అంటే వృత్తి గోల్ఫర్ల సంఘం, తన ప్రధాన కార్యాలయాన్ని 2022లో ఫ్లోరిడా నుంచి ఇక్కడికి మార్చింది. 2023లో మన సాహిత్ తీగల కాలిఫోర్నియాలోని నాపాలో ఫోర్టినెట్ చాంపియన్‌షిప్ గెలిచాడు. ఆ రోజు మన ఇళ్లలో ఎంతమంది మొదటిసారి టీవీలో గోల్ఫ్ పెట్టుకుని కూర్చున్నారో! ఆ ఉత్సాహం నాకెంతో ఇష్టం. కానీ ఆ ఉత్సాహంలో మనవాళ్లు చేసే మొదటి పని ఏమిటి? పెద్ద ఆటగాళ్లు ఏ క్లబ్బు పట్టారో కనుక్కుని అలాంటిదే కొనాలనుకోవడం. ఆ ఒక్కటీ వద్దు. వాళ్లకు బంతి ప్రతిసారీ దాదాపు ఒకేచోట తగులుతుంది. మనకు ఒకటి కొసన, ఒకటి మొదట్లో, ఒకటి బంతి కంటే ముందు నేలకు తగులుతుంది. ఆ తగలడంలోనే తేడా ఉన్నప్పుడు పనిముట్టు ఒకటే ఎలా అవుతుంది?

ఒక ప్రశ్న అడుగుతాను, నిజం చెప్పండి. దుకాణంలో వల ముందు నిలబడి పది బంతులు కొడతారు. ఇంటికి వచ్చేటప్పుడు మీ మనసులో ఉండేది ఏ బంతి? బాగా తగిలిన ఆ ఒక్కటీ. తెర మీద 230 గజాలు అని చూపించిన ఆ ఒక్కటీ. అవునా, కాదా? దాన్ని చూసే డబ్బు కడతారు. నేను ఈవేళ చెప్పడానికి వచ్చింది ఒకటే మాట: మిగతా తొమ్మిదింటిని చూసి కొనండి. బాగా తగిలిన బంతికి ఏ క్లబ్బయినా సరిపోతుంది. సరిగ్గా తగలనప్పుడు మిమ్మల్ని ఎంత తక్కువ నష్టంతో బయటపడేస్తుందో, అదీ క్లబ్బు విలువ. ఫర్‌గివింగ్ క్లబ్బులని ఇక్కడ అమ్మేవి అవే. తప్పు కాచే క్లబ్బులు. తప్పు దిద్దే క్లబ్బులు కావు, దయచేసి గుర్తుంచుకోండి. స్వింగు, అంటే క్లబ్బు ఊపే తీరు, దిద్దుకోవలసింది మనమే. క్లబ్బు చేయగలిగింది కాయడం మాత్రమే.

ఎలా కాస్తుంది? ఇదిగో, ఈ రెండు ఐరన్లు, అంటే పలచని లోహపు తల ఉన్న క్లబ్బులు, చూడండి. రెండూ ఏడో నంబరువే. ఇది బ్లేడ్ అంటారు. వెనక వైపు నున్నగా, కత్తిలా ఉంది. నేలకు తగిలే అడుగు భాగం సన్నం. చేతిలోకి తీసుకోండి అన్నగారూ, తల ఎంత చిన్నగా ఉందో చూడండి. ఇప్పుడు రెండోది తిప్పి చూడండి. వెనక గుంట తీసినట్టు ఉంది. ఆ మధ్యలో తీసేసిన లోహాన్ని ఏం చేశారు? పారేయలేదు. అంచుల్లోకి పంపారు, అడుగులోకి పంపారు. రెండు తలల బరువూ దాదాపు ఒకటే. బరువు ఎక్కడ ఉందన్నదే తేడా.

బంతి క్లబ్బు ముఖం మీద ఉండేది సెకనులో సుమారు రెండు వేలవ వంతు. అంత కొద్ది క్షణంలో చేతులతో సర్దుకోవడం ఎవరికి సాధ్యం? ఎవరికీ కాదు. బంతి తల నడిమధ్య కాకుండా కొస వైపు, అంటే టో వైపు తగిలితే తల ఒక పక్కకు మెలితిరుగుతుంది. మొదలు వైపు, హీల్ వైపు తగిలితే రెండో పక్కకు మెలితిరుగుతుంది. మెలితిరిగితే ముఖం దిక్కు మారుతుంది, బంతికి అందవలసిన వేగం తగ్గుతుంది. మరి మెలి తిరగకుండా ఆపేది ఏమిటి? దొమ్మరాటలో తాడు మీద నడిచే పిల్ల చేతిలో పొడవాటి గడ ఎందుకు ఉంటుంది? బరువు దూరంగా పరుచుకుంటే తొందరగా ఒరగదు. ఇక్కడా అదే సూత్రం. బరువు అంచులకు జరిగిన తల, పక్కన తగిలిన దెబ్బకు అంత సులువుగా తిరగదు. దీని కొలతనే ఎంఓఐ అంటారు. దుకాణంలో ఆ మూడక్షరాలు వినిపిస్తే కంగారు పడకండి. మెలితిరగడానికి తల ఎంత మొండికేస్తుందో చెప్పే అంకె, అంతే.

ఈ ఆలోచనను జనంలోకి తెచ్చినవాడి గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. కార్‌స్టన్ సోల్‌హైమ్. నార్వేలోని బెర్గెన్‌లో 1911లో పుట్టాడు. అమెరికా వచ్చి చెప్పులు కుట్టే పని చేశాడు. తరువాత ఇంజినీరై జనరల్ ఎలక్ట్రిక్‌లో చేరాడు. గోల్ఫ్ క్లబ్బు పట్టింది నలభై దాటాక! ఇక్కడ కూర్చున్నవారిలో నలభై దాటి మొదలుపెట్టినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం మందికి పైనే. ఆయనకు పటింగ్, అంటే పటర్ అనే క్లబ్బుతో బంతిని హోలులోకి దొర్లించడం, కుదరలేదు. ఆ రోజుల్లో అందరూ తప్పు తమ చేతుల్లో ఉందనుకునేవారు. ఆయన ఇంజినీరు కదా, పనిముట్టును అనుమానించాడు. పంచదార బిళ్లలు రెండు, ఐస్‌క్రీము పుల్లలు రెండు తీసుకున్నాడు. బిళ్లలను చెరో చివరా పెట్టి పుల్లలతో కలిపి అతికించాడు. బరువు రెండు కొసలకూ పోతే పటర్ మెలితిరగదని అలా చూపించుకున్నాడు. 1959లో కాలిఫోర్నియాలో తన ఇంటి గరాజులో పటర్లు చేయడం మొదలుపెట్టాడు. బంతికి తగిలినప్పుడు వచ్చే మోత పేరే కంపెనీకి పెట్టాడు, పింగ్ అని. అదే సూత్రాన్ని తరువాత ఐరన్లకు పట్టించాడు. లోహాన్ని సుత్తితో సాగగొట్టి చేసే పద్ధతి వదిలి, కరిగించి అచ్చులో పోస్తే బరువు కావలసిన చోట పెట్టుకోవచ్చని చూపించాడు. ఈవేళ మన చేతిలో ఉన్న గుంట ఐరన్లన్నీ ఆ ఆలోచనకు పిల్లలే. ఆయన గురించి ఇంతసేపు ఎందుకు చెప్పానంటే, తప్పు కాచే క్లబ్బు వాడడం చిన్నతనమని మనలో కొందరు అనుకుంటున్నారు. బ్లేడ్ పడితేనే ఆట వస్తుందని ఎవరో చెబుతారు. నమ్మకండి. నిలదొక్కుకునే తలను కోరుకోవడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇక డ్రైవర్, అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్బు. అందరి కళ్లూ దీని మీదే కదా! ఒకప్పుడు డ్రైవర్ తలలు నిజంగానే చెక్కవి. పర్సిమన్ అనే చెట్టు కర్రతో చేసేవారు. అది మన తునికి చెట్టుకు దగ్గరి చుట్టం, ఒకే ప్రజాతి. బీడీలకు తునికాకు కోసే అడవుల పక్కన పెరిగినవారు ఇక్కడ ఉంటే ఆ కర్ర గట్టిదనం ఎలాంటిదో వాళ్లకు తెలుసు. చెక్క తల చిన్నది. సరిగ్గా మధ్యలో తగలకపోతే కనికరం లేదు. 1979లో టేలర్‌మేడ్ కంపెనీ ఉక్కు తల తెచ్చింది. 1991లో కాలవే వారి బిగ్ బెర్తా వచ్చింది, 190 ఘన సెంటీమీటర్లు. అప్పట్లో అదే పెద్ద తల! తరువాత టైటానియం వచ్చింది. తేలిక కనుక తల ఇంకా పెంచారు. పెంచుకుంటూ పోతే చివరికి నియమం పెట్టవలసి వచ్చింది. ఇప్పుడు తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు. ఎంఓఐకీ హద్దు ఉంది, 5900. ముఖం బంతిని ఎంత ఎగరగొట్టవచ్చో దానికీ హద్దు ఉంది.

ఇక్కడ జాగ్రత్తగా వినండి, మీ డబ్బు మిగిలే మాట ఇది. 2024 నుంచి ప్రకటనల్లో పదివేల ఎంఓఐ అని చూస్తున్నారు. హద్దు 5900 అయితే పదివేలు ఎక్కడి నుంచి వచ్చాయి? తల అడ్డంగా మెలితిరగడం ఒకటి, నిలువుగా మెలితిరగడం ఇంకొకటి. ఆ రెండు అంకెలనూ కూడి చెబుతున్నారు. అబద్ధం కాదు. ఆ డ్రైవర్లు మంచివే. నేనూ మెచ్చుకుంటాను. కానీ హద్దులన్నీ ఎప్పుడో దగ్గరపడ్డాయి. కాబట్టి ఐదారేళ్ల కిందటి మంచి డ్రైవర్‌కూ ఈ సంవత్సరం వచ్చినదానికీ తప్పు కాచే విషయంలో తేడా కొంచెమే. ధరలో తేడా మాత్రం కొంచెం కాదు. పాతది కొనండి. మిగిలిన డబ్బుతో గురువు దగ్గర నాలుగు పాఠాలు నేర్చుకోండి.

డ్రైవర్‌లో మీరు చూడవలసినవి రెండే. ఒకటి లాఫ్ట్, అంటే ముఖం వెనక్కి వాలిన కోణం. అది 10.5 డిగ్రీలకు తగ్గకూడదు, 12 అయినా మంచిదే. లాఫ్ట్ తక్కువైన కొద్దీ స్లైస్ ఎక్కువగా బయటపడుతుంది. కుడిచేతివాళ్ల బంతి కుడివైపు వంగి పక్క ఇంటి పెరట్లోకి వెళ్లే ఆ జబ్బు మనలో ఎవరికి లేదు? రెండోది పొడవు. దుకాణంలో దొరికేవి చాలావరకు 45.5 అంగుళాలో, అంతకు పైనో ఉంటాయి. పొడవు పెరిగిన కొద్దీ నడిమధ్య తగిలించడం కష్టం. కోయించనక్కరలేదు. గ్రిప్, అంటే చేతితో పట్టుకునే పిడి, చివర ఒక అంగుళం వదిలి పట్టుకోండి. పైసా ఖర్చు లేదు.

ఐరన్ల దగ్గరికి వద్దాం. నంబరును నమ్మకండి. మళ్లీ చెబుతున్నాను, నంబరును నమ్మకండి. యాభై ఏళ్ల కిందట ఏడో ఐరన్ లాఫ్ట్ 38 డిగ్రీల ప్రాంతంలో ఉండేది. ఇప్పుడు కొత్తవారికని అమ్మే సెట్లలో అదే నంబరు 28, 30 డిగ్రీల మధ్య ఉంటోంది. అంటే పాత లెక్కలో అది ఐదో ఐరన్ లాంటిది. మరి పక్కవాడి ఏడో ఐరన్ కంటే నాది ఇరవై గజాలు ఎక్కువ పోయిందని సంబరపడితే ఎలా? బరువు అడుక్కి దించారు కాబట్టి లాఫ్ట్ తగ్గినా బంతి లేస్తుంది, అందులో మోసం లేదు. చిక్కు వేరే చోట వస్తుంది. వెడ్జ్‌లంటే దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే క్లబ్బులు. ఆ సెట్టులోని పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలు ఉంటుంది. మీరు విడిగా కొన్న శాండ్ వెడ్జ్ 56. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ! హోలు ఉండే గ్రీనుకు తొంభై గజాల దూరంలో నిలబడి ఏ క్లబ్బు తీయాలో తోచక ఇబ్బంది పడేది అందుకే. ఆ మధ్యలో 49, 50 డిగ్రీల వెడ్జ్ ఒకటి ఉండాలి. సెట్టు కొనేటప్పుడు ప్రతి క్లబ్బు లాఫ్టూ అడిగి కాగితం మీద రాసుకోండి. కంపెనీ వెబ్‌సైట్లలో ఆ పట్టిక ఉంటుంది.

పొడవాటి ఐరన్లు, అంటే మూడు, నాలుగు, ఐదు, అసలు కొనకండి. వాటిని లేపాలంటే చాలా వేగం కావాలి. వాటి బదులు హైబ్రిడ్, అంటే ఐరన్‌కూ ఉడ్‌కూ మధ్య రకం క్లబ్బు, తీసుకోండి. ఇదిగో, దీని తల చూడండి. వెనక్కి పొట్ట ఉంది. బరువంతా కిందికి, వెనక్కి పోయింది. అందుకే గడ్డిలోంచి కూడా బంతి లేస్తుంది. ఉడ్ అంటే డ్రైవర్ లాంటిదే, తల చిన్నది. ఏడో నంబరు ఉడ్ కూడా మంచిదే, 21 డిగ్రీలు ఉంటుంది. దాన్ని చూసి ముఖం చిట్లించకండి, పెద్ద పోటీలు ఆడే టూర్ ఆటగాళ్ల సంచుల్లో కూడా ఈ మధ్య కనిపిస్తోంది.

సంచిలో ఎన్ని ఉండాలి? నియమం ప్రకారం 14 దాటకూడదు. దాటితే దాటిన ప్రతి హోలుకు రెండు స్ట్రోకుల జరిమానా, రౌండు మొత్తానికి నాలుగు వరకు. కనీసం ఇన్ని ఉండాలని మాత్రం ఎక్కడా లేదు. కొత్తగా మొదలుపెట్టినవారికి ఒక ఉడ్, ఒక హైబ్రిడ్, ఏడు నుంచి పిచింగ్ వెడ్జ్ వరకు ఐరన్లు, ఒక శాండ్ వెడ్జ్, ఒక పటర్. ఎనిమిది. చాలు. డ్రైవర్ మొదటి రోజే కొనవలసిన అవసరం నాకు కనిపించదు. ఇక్కడ చాలామంది ఒప్పుకోరని తెలుసు. అయినా నా మాట అదే.

ఇప్పుడు క్లబ్బు అడుగు భాగం గురించి. ఎవరూ చూడని భాగం. మొదట చూడవలసిన భాగం. మనం నిలబడిన ఈ నేల ఎలాంటిది? ఉత్తర టెక్సస్‌లో ఉన్నది నల్లరేగడి. ఎండాకాలం రాయిలా బిగుస్తుంది, నెర్రెలిస్తుంది. వాన పడితే బంకలా అంటుకుంటుంది. పైన ఉన్న బెర్ముడా గడ్డి మన గరిక జాతిదే. ఇలాంటి నేల మీద బంతి కంటే ముందు నేల తగిలితే సన్నని అడుగున్న ఐరన్ ఏం చేస్తుంది? దిగబడుతుంది. బంతి పది గజాలు పోతుంది, మణికట్టు జివ్వుమంటుంది. వెడల్పు అడుగున్నది దిగబడకుండా జారుతుంది. అడుగు వెడల్పు వేలితో కొలిచి చూడండి. వెడ్జ్‌కు మాత్రం ఒక హెచ్చరిక. బౌన్స్ అనే అంకె, అంటే అడుగు నేల వైపు వంగిన కోణం, మరీ ఎక్కువ ఉన్నది కొంటే జూలై, ఆగస్టుల్లో గట్టి నేల మీద అది ఎగిరి బంతి నడుముకు తగులుతుంది. 10, 12 డిగ్రీల బౌన్స్ ఇక్కడ అన్ని కాలాలకూ పనికొస్తుంది.

షాఫ్ట్, అంటే తలకూ పిడికీ మధ్య ఉండే కడ్డీ, సంగతి. ఉక్కుదా, గ్రాఫైటా? ఉక్కు షాఫ్ట్ సాధారణంగా 95 నుంచి 120 గ్రాముల దాకా బరువు ఉంటుంది. గ్రాఫైట్ 50 నుంచి 80. భుజం నొప్పి, మోచేతి నొప్పి ఉన్నవారు రెండో ఆలోచన లేకుండా గ్రాఫైట్ తీసుకోండి. షాఫ్ట్ మీద ఎల్, ఏ, ఆర్, ఎస్ అని అక్షరాలు ఉంటాయి, మెత్తదనం నుంచి గట్టిదనానికి. ఇందులో అన్ని కంపెనీలకూ ఒకే కొలమానం లేదు. ఒకరి ఆర్ ఇంకొకరి ఎస్ అంత గట్టిగా ఉండవచ్చు. అందుకే అక్షరం చూసి కాదు, కొట్టి చూసి తీసుకోవాలి. ఎల్ అంటే ఆడవాళ్లదని కదూ అంటారు? అమ్మా, మీకు చెబుతున్నాను. మీరు వేగంగా స్వింగ్ చేయగలిగితే ఆర్ పట్టండి, రంగు చూసి ఎవరో అంటగట్టిన సెట్టు వద్దు. అన్నగారూ, మీకూ చెబుతున్నాను. మీ వేగం నెమ్మదైతే 'ఏ' అక్షరం ఉన్న షాఫ్ట్ పట్టండి. అక్షరానికి మగా ఆడా లేదు. ఉన్నది వేగం ఒక్కటే.

మరి తప్పిన దెబ్బను చూసి కొనమన్నాను కదా, ఎలా చూడాలి? మందుల దుకాణంలో పాదాలకు చల్లుకునే పౌడరు స్ప్రే దొరుకుతుంది. క్లబ్బు ముఖం మీద పలచగా కొట్టండి. తెల్లగా అంటుకుంటుంది. బంతి కొట్టండి. ఎక్కడ తగిలిందో గుండ్రంగా అచ్చు పడుతుంది. ఇదిగో, ఈ క్లబ్బు మీద పొద్దున రేంజ్‌లో, అంటే సాధన మైదానంలో, కొట్టినవి ఉన్నాయి, చూడండి. ఒక అచ్చు మధ్యలో ఉంది. మూడు టో వైపు జరిగాయి. ఒకటి అడుగు అంచుకు దగ్గరగా ఉంది, దాని గుండ్రం కూడా పూర్తిగా పడలేదు, సగం చంద్రుడే పడింది. ఇప్పుడు ఆ మధ్య దెబ్బను వదిలేయండి. ఆ టో దెబ్బలు ఎంత దూరం పోయాయి, ఎంత పక్కకు పోయాయి, అది చూడండి. రెండు క్లబ్బులు తీసుకుని, రెండింటిలోనూ టో దెబ్బలను పక్కపక్కన పెట్టి చూడండి. ఏ క్లబ్బులో నష్టం తక్కువో అది మీది. దుకాణదారును అడిగి చేయండి, చివర్లో గుడ్డతో తుడిచి ఇవ్వండి. ఏ మంచి దుకాణమూ కాదనదు. అచ్చులన్నీ ఒకే పక్కన గుంపుగా పడుతుంటే తప్పు మీ స్వింగులో కాక క్లబ్బు పొడవులోనో, మీరు నిలబడే దూరంలోనో ఉండవచ్చు. అప్పుడు కొలతలు తీయించుకోండి. మనిషి ఎత్తు ఒక్కటే కాదు, మణికట్టు నుంచి నేల వరకు ఎంత ఉందో కూడా కొలుస్తారు.

పాతవి కొనేవారికి రెండు మాటలు. మొదట ముఖం మీద గీతలు చూడండి. గోటితో గీస్తే గోరు తట్టుకోవాలి. జారిపోతే అరిగిపోయినట్టే, ముఖ్యంగా వెడ్జ్‌లలో. తరువాత షాఫ్ట్ తలలో కలిసే చోట నల్లటి పట్టీ పక్కన చీలిక ఉందేమో వెలుతురులో తిప్పి చూడండి. గ్రిప్ గట్టిపడి మెరుస్తుంటే మార్పించండి, అది చిన్న ఖర్చే. సెట్టులో అన్ని షాఫ్ట్‌లూ ఒకే రకమో కాదో చూడండి. మధ్యలో ఒకటి విరిగితే వేరేది వేయించి అమ్మేవారు ఉంటారు.

పటర్ గురించి ఎక్కువ చెప్పను. వెనక పొట్ట ఉన్న మాలెట్ తీసుకోండి, సోల్‌హైమ్ పంచదార బిళ్లల సూత్రం అందులో నిండుగా ఉంటుంది.

ఆ చివరి వరుసలో ఒక అమ్మ అడుగుతున్నారు, పిల్లలకు నాన్న పాత క్లబ్బులు కోసి ఇవ్వవచ్చా అని. చాలా మంచి ప్రశ్న. వద్దమ్మా. కోస్తే పొడవు తగ్గుతుంది కానీ తల బరువు తగ్గదు, షాఫ్ట్ ఇంకా బిగుసుకుపోతుంది. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని ఊపలేక ఒళ్లంతా విరుచుకుని కొట్టడం నేర్చుకుంటుంది. ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. పిల్లల సెట్లు వయసును బట్టి కాదు, ఎత్తును బట్టి ఉంటాయి. కొన్ని కంపెనీలు ప్రతి మూడు అంగుళాలకూ ఒక సైజు చేస్తాయి. నాలుగు క్లబ్బులు చాలు. ఎత్తు పెరిగిపోయిన పిల్లల సెట్లు మన ఇళ్లలోనే చాలా పడి ఉన్నాయి. ఎవరింట్లో ఏ సైజు ఉందో ఈవేళ వెళ్లేముందు ఈ కాగితం మీద రాసి పెట్టండి. కావలసినవారు తీసుకుంటారు.